చిట్టాలో చేరని ఢాకా

అమెరికాలో ఉంటున్న ఒక మిత్రులు, వయసులో నాకంటె చాలా చిన్నవారు, లోకజ్ఞానంలో చాలా పెద్దవారు, ఈ మధ్య నాకు వ్రాసిన ఉత్తరంలో ఒక తీర్పు చెప్పారు. రిచర్డ్ నిక్సన్ స్వదేశంలో తప్పుచేసినవాడే గాని విదేశాంగ వ్యవహారాలలో ఆయనంత దూరదృష్టి గల అధ్యక్షుడు అరుదట. వాటర్‌గేటు ఆయన మచ్చ, చైనా ఆయన వెలుగు అట.

ఈ తీర్పు నా మిత్రులు సొంతంగా కనిపెట్టినది కాదు. 1994 ఏప్రిల్‌లో నిక్సన్ చనిపోయినపుడు ఇదే వినపడింది. 2023 నవంబరులో ఆయన సలహాదారు హెన్రీ కిసింజర్ నూరేళ్ళు నిండి కన్నుమూసినపుడు మళ్ళీ ఇదే వినపడింది. చదువుకున్నవాళ్ళు చెబుతారు, పుస్తకాలు చెబుతాయి, చివరకు మన తెలుగు పత్రికలు కూడా అనువదించి చెబుతాయి. మంచిని, చెడును ఒకే త్రాసులో పెట్టి తూచడం పట్ల నాకు అభ్యంతరం లేదు. తూచవలసిందే. కాని తూచేవాడు సరుకంతా త్రాసులోకి ఎక్కించాలి గదా! నిక్సన్ విదేశాంగ ఖాతాలో జమ పద్దులన్నీ వ్రాసి, ఖర్చు పద్దులను చిట్టాకే ఎక్కించకపోతే, ఆ నిల్వను నిల్వ అనవచ్చునా? ఆ ఎక్కించని పద్దులలో అన్నిటికంటె పెద్దది 1971 నాటి ఢాకా. ఈ టపా దాని గురించి.

ముందు జరిగిన సంగతులు, తేదీలతో సహా.

1970 డిసెంబరు 7న పాకిస్తానులో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. తూర్పు పాకిస్తానుకు చెందిన షేక్ ముజిబుర్ రెహ్మాన్ నాయకత్వంలోని అవామీ లీగు, 313 స్థానాల జాతీయ సభలో మహిళా స్థానాలతో కలిపి 167 గెలిచింది. అంటే ఆ దేశాన్ని పాలించే హక్కు ఆ పార్టీకి ప్రజలు ఇచ్చారు. సైనిక పాలకుడు యాహ్యాఖాన్ ఆ హక్కును ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. విశ్వవిద్యాలయ వసతి గృహాలలో విద్యార్థులను, ఇళ్ళలో అధ్యాపకులను కాల్చి చంపింది. ముజిబును బంధించింది. హిందువులను వెదకి వెదకి చంపింది. తరువాతి తొమ్మిది నెలలలో మరణించినవారి సంఖ్య మూడు లక్షలని కొందరు, ముప్ఫై లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెబుతారు. తక్కువ అంకెనే తీసుకుందాం. మూడు లక్షలు. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయలలో శరణార్థులయ్యారు.

అమెరికాకు ఇది తెలియదా? మొదటి వారంలోనే తెలుసు. ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్‌గా ఉన్న ఆర్చర్ బ్లడ్ మార్చి 28నాటికే, ఒక వర్గాన్ని ఎంచుకొని నిర్మూలిస్తున్నారని తన ప్రభుత్వానికి తంతి పంపారు. వాషింగ్టన్ పలుకలేదు. ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా ఉద్యోగులు 20 మంది సంతకాలు చేసి, మన ప్రభుత్వ విధానం నైతికంగా దివాళా తీసిందనే అర్థంలో ఒక అసమ్మతి తంతి పంపారు. బ్లడ్ దానిని సమర్థిస్తూ తన మాట చేర్చారు. ఢిల్లీలోని అమెరికా రాయబారి కెన్నెత్ కీటింగ్ కూడా ఇదే పక్షం వహించారు. కీటింగ్ ఎవరో వామపక్షీయుడు కాడు, నిక్సన్ పార్టీకే చెందిన మాజీ సెనేటరు.

ఫలితం? బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. ఏప్రిల్ నెలాఖరున తన ముందుకు వచ్చిన కాగితం మీద నిక్సన్, యాహ్యాను ఇప్పుడు ఒత్తిడి చేయవద్దని స్వహస్తంతో వ్రాశారు.

భారతంలో ద్యూతసభ చదివినవారికి వికర్ణుడు గుర్తుండాలి. పెద్దలందరూ తలలు వంచుకొని కూర్చున్నపుడు, కౌరవులలోనే ఒకడు లేచి, ఇది అధర్మమని చెప్పాడు. కర్ణుడు వానిని బాలుడవని కసరి కూర్చోబెట్టాడు. బ్లడ్ ఆ కొలువులో వికర్ణుడు. వికర్ణునివలెనే ఆయన కూడా పక్షం విడిచి పోలేదు, కొలువులోనే ఉండి పదోన్నతులు పోగొట్టుకున్నాడు. 2004లో చనిపోయాడు. ఢాకాలోని అమెరికా గ్రంథాలయానికి తరువాత ఆయన పేరు పెట్టారు. ఆలస్యంగానైనా పెట్టినందుకు సంతోషమే. కాని వికర్ణుని పేరు గ్రంథాలయానికి పెట్టి, సభను నడిపినవారిని మహారాజనీతిజ్ఞులని పిలవడం ఏ న్యాయమో నాకు బోధపడదు.

ఇక సమర్థకుల వాదాలకు వద్దాం. నేను విన్నవి, చదివినవి మూడు.

మొదటిది: "చైనా తలుపు తెరవడానికి పాకిస్తానే తాళంచెవి. అందుకని యాహ్యాను నొప్పించకూడదు." ఇది అన్నిటికంటె బలమైన వాదం కనుక దీనిని జాగ్రత్తగా చూడాలి. 1971 జులై 9న కిసింజర్ పాకిస్తానులో కడుపునొప్పి నటించి, రహస్యంగా విమానమెక్కి పెకింగు వెళ్ళి చౌ ఎన్ లైని కలిసి, 11న తిరిగి వచ్చిన మాట నిజం. ఆ ఏర్పాటు యాహ్యా ద్వారా జరిగిన మాట నిజం. జులై 15న నిక్సన్ ఆ సంగతిని టెలివిజనులో ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన మాటా నిజం. కాని రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి.

ఒకటి, పాకిస్తాను ఏకైక మార్గమా? కాదు. రుమేనియా ద్వారా కూడా అదే కాలంలో అవే సందేశాలు నడిచాయి. చైనాకు కూడా ఈ స్నేహం అవసరమే. 1969లో ఉస్సూరి నది మీద సోవియట్ సైన్యంతో కాల్పులు జరిగిన తరువాత మావోకు అమెరికా కావలసి వచ్చింది. ఉభయులూ కోరుకున్న పెళ్ళికి ఒక్కడే పేరయ్య ఉండాలా?

రెండవది, ఇంకా ముఖ్యమైనది. సరే, యాహ్యాయే ఏకైక మార్గమని ఒప్పుకుందాం. ఆ మార్గంతో పని జులైలో తీరిపోయింది. ఆ తరువాత అమెరికా, చైనా పారిస్‌లోని తమ ప్రతినిధుల ద్వారా నేరుగా మాట్లాడుకోసాగాయి. అక్టోబరులో కిసింజర్ బహిరంగంగానే పెకింగు వెళ్ళివచ్చారు. మరి ఆగస్టులో మౌనమెందుకు? సెప్టెంబరులో ఎందుకు? నవంబరు మొదటి వారంలో ఇందిరాగాంధి వాషింగ్టన్ వెళ్ళి శరణార్థుల సంగతి స్వయంగా చెప్పినపుడు ఎందుకు? తలుపు తెరుచుకున్నాక కూడా తాళంచెవిని పూజించారంటే, వారు కాపాడినది తలుపును కాదు, మరి దేనినో. ఆ "దేనినో" ఏమిటో వారే చెప్పుకున్నారు: మిత్రుణ్ణి విడిచిపెట్టే దేశంగా చైనా కంటికి కనబడకూడదట! అనగా మూడు లక్షల ప్రాణాల మీద ఆడిన ఆటలో పందెం ఒక ముఖప్రతిష్ఠ.

వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఒక్క మాట. మా శాస్త్రంలో సంధి జరిగితే పక్కపక్కనున్న రెండు అచ్చులలో మొదటిది కనుమరుగవుతుంది, రెండవది నిలుస్తుంది. అక్షరం కనుక దానికి నొప్పి లేదు. వాషింగ్టన్‌కూ పెకింగుకూ జరిగిన సంధిలో కనుమరుగైనవారు మనుషులు.

రెండవ వాదం: "భారతదేశం పశ్చిమ పాకిస్తానును కూడా ముక్కలు చేయబోయింది, నిక్సన్ ఆపాడు." డిసెంబరు 3న పాకిస్తాను విమానాలు మన విమానాశ్రయాల మీద దాడి చేయగా యుద్ధం మొదలైంది. డిసెంబరు రెండవ వారంలో ఎంటర్‌ప్రైజ్ అనే అణుశక్తి విమానవాహక నౌకను ముందుంచి ఒక నౌకాదళాన్ని నిక్సన్ బంగాళాఖాతానికి పంపారు. సోవియట్ నౌకలు దాని వెంటపడ్డాయి. డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ లొంగిపోయాడు, దాదాపు 93,000 మంది బందీలయ్యారు. ఆ రోజే ఇందిరాగాంధి పశ్చిమ సరిహద్దున ఏకపక్ష కాల్పుల విరమణ ప్రకటించారు. ఎంటర్‌ప్రైజ్ వల్లనే ప్రకటించారని నిక్సన్, కిసింజర్ జీవితాంతం చెప్పుకున్నారు.

పోనీ, వారి భయం నిజమైన భయమేనని వాదన కోసం ఒప్పుకుంటాను. డిసెంబరులో పుట్టిన భయం మార్చిలో పాటించిన మౌనానికి కారణం కాగలదా? కారణం కార్యానికి ముందుండాలని తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. భారతదేశపు సేనలు ఢాకా పొలిమేరకు రాకముందు ఎనిమిది నెలల కాలం ఉంది. ఆ ఎనిమిది నెలలలో ఎన్నికలలో గెలిచిన మనిషిని చెరసాల నుంచి విడిచిపెట్టి మాట్లాడమని యాహ్యాకు గట్టిగా చెప్పి ఉంటే, యుద్ధమే రాకపోయేదేమో. ఇల్లు తగలబడుతున్నంత సేపూ చూస్తూ ఊరకుండి, పొరుగువాడు నీళ్ళ కడవతో ప్రహరీ దూకగానే అక్రమ ప్రవేశమని కేకవేసినవాణ్ణి మనం శాంతిరక్షకుడని పిలుస్తామా?

మూడవ వాదం పెద్దమనుషులది: "రాజనీతిలో ధర్మాధర్మాలు వెదకరాదు, ఫలితమే కొలమానం." సరే, ఆ కొలమానంతోనే కొలుద్దాం. పాకిస్తాను విడిపోకూడదని నిక్సన్ కోరిక. విడిపోయింది. భారతదేశం సోవియట్ వైపు మొగ్గకూడదని కోరిక. 1971 ఆగస్టు 9న భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందం ఇరవై ఏళ్ళకు కుదిరింది. చైనా సైన్యాన్ని మన సరిహద్దు మీద కదిలించాలని కోరిక. డిసెంబరు 10న కిసింజర్ న్యూయార్కులో చైనా ప్రతినిధి హువాంగ్ హువాను కలిసి ఆ మేరకు ప్రోత్సహించారు. చైనా కదలలేదు. దక్షిణాసియాలో అణ్వస్త్రాలు రాకూడదని అమెరికా కోరిక. 1974 మే 18న పోఖ్రాన్‌లో భూమి కంపించింది. ఆ నిర్ణయానికి కారణాలు అనేకం గాని, బంగాళాఖాతంలోకి వచ్చిన ఆ నౌక వాటిలో ఒకటని విశ్లేషకులు పలువురు అంటారు. చివరకు తాము పుట్టనివ్వరాదనుకున్న బంగ్లాదేశ్‌ను 1972 ఏప్రిల్‌లో అమెరికాయే గుర్తించింది. ధర్మం ప్రక్కన పెట్టి ఫలితం చూడమన్నవారికి ఫలితం ఇది. పుణ్యమూ దక్కలేదు, పురుషార్థమూ దక్కలేదు.

స్నేహాలు ఎట్లా మారుతాయో చూడడానికి మనం వాషింగ్టన్ దాకా పోనక్కరలేదు. విశాఖపట్టణం చాలు. 1971 డిసెంబరు 3-4 నడిరాత్రి విశాఖ రేవుకు దాపులో ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి తన నావికులందరితో సహా మునిగిపోయింది. మన విక్రాంత్‌ను వెదుకుతూ వచ్చినది అది. దాని మునకకు కారణమేమిటన్న విషయంలో రెండు దేశాల కథనాలు వేరువేరు. కాని అది ఎక్కడ పుట్టిందన్న విషయంలో వివాదం లేదు. అది అమెరికా నౌకాదళానికి చెందిన పాత జలాంతర్గామి, డయాబ్లో దాని పూర్వనామం. 1960లలో పాకిస్తానుకు ఇచ్చారు. 1954లో పాకిస్తానుకు ఆయుధ సహాయం మొదలుపెట్టినపుడు, ఆ ఆయుధాలు భారతదేశం మీద వాడనివ్వమని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం వ్రాశారు. ఆ ఉత్తరం కాగితాల్లో ఉంది, ఘాజీ సముద్రం అడుగున ఉంది. అదే విశాఖ తీరాన ఇసుక మీద కుర్‌సురా అనే జలాంతర్గామిని 2002లో ప్రదర్శనశాలగా నిలిపారు. టిక్కెట్టు కొని పిల్లలను లోపలికి తీసుకువెళ్ళి చూపించవచ్చు. అది సోవియట్‌వారు మనకు కట్టి ఇచ్చినది, 1969లో మన నౌకాదళంలో చేరింది. ఒక అధ్యక్షుడి సంతకం ఒక దేశాన్ని ఎటు నెడుతుందో ఆ తీరంలో ఇనుము రూపంలో కనబడుతుంది. అప్పటికి నేను తొమ్మిదవ తరగతి. దీపాలు ఆర్పుకొని రేడియో వార్తలు విన్న ఆ డిసెంబరులో, దూరాన ఉన్న ఒక పెద్దమనిషి నిర్ణయానికీ మా ఇంటి చీకటికీ సంబంధముందని మాకెవరూ చెప్పలేదు.

ఇక అసలు ప్రశ్న. ఈ పద్దు చిట్టాకు ఎందుకు ఎక్కలేదు?

నిక్సన్ 1974 ఆగస్టు 9న పదవి వదిలారు. మన ఒప్పందానికి సరిగ్గా మూడేళ్ళు నిండిన రోజు. ఆయన మీద ప్రతినిధుల సభ న్యాయసంఘం ఆమోదించిన అభియోగాలు మూడు: న్యాయానికి అడ్డుపడడం, అధికార దుర్వినియోగం, కాంగ్రెసు ఆజ్ఞను ధిక్కరించడం. నాలుగవ అభియోగం ఒకటి ప్రతిపాదించారని ఎందరికి తెలుసు? 1969 మార్చి నుంచి కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించి ఆ సంగతిని కాంగ్రెసుకు దాచిన నేరం అది. 1974 జులై 30న ఆ సంఘం దానిని 26-12 ఓట్లతో త్రోసిపుచ్చింది. అనగా, ప్రతిపక్షం కార్యాలయంలో దొంగలు పడిన సంగతిని దాచడం పదవి పోవలసిన నేరం. ఒక పరదేశం మీద బాంబులు కురిపించిన సంగతిని దాచడం మాత్రం కాదు. ఢాకా అయితే ఆ సంఘం గడప కూడా తొక్కలేదు. 1971 డిసెంబరులో జోర్డాను, ఇరాన్‌ల ద్వారా పాకిస్తానుకు అమెరికా యుద్ధవిమానాలు చేర్చాలని శ్వేతభవనం చూచినపుడు అది చట్టవిరుద్ధమని వారి సొంత శాఖలే హెచ్చరించాయి. అయినా ముందుకు సాగారు. చట్టం అతిక్రమించినందుకే నిక్సన్ పడిపోయాడంటారు గదా, ఈ అతిక్రమణకు ఎవరు అడిగారు? స్వదేశపు ఓటరుకు తగిలినది నేరం, పరదేశపు రైతుకు తగిలినది విధానం. ఈ రెండు కొలతల త్రాసు మీదనే నా తగాదా.

లిండన్ జాన్సన్‌కు ఇదే త్రాసు తలక్రిందులుగా పనిచేసింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో నల్లజాతివారికి ఓటు హక్కు చట్టం, వృద్ధులకు వైద్య సహాయం తెచ్చినవాడు వియత్నాం బురదలో కూరుకుపోయి 1968లో మళ్ళీ పోటీ చేయనన్నాడు. ఆయన పేరు చెబితే వియత్నామే ముందు గుర్తుకొస్తుంది. ఎందుకు? చచ్చినవారిలో అమెరికా బిడ్డలు 58,000 మంది ఉన్నారు కనుక. వాషింగ్టన్‌లో నల్లరాతి గోడ మీద వారి పేర్లున్నాయి. ఢాకాలో చచ్చినవారి పేర్లు ఏ వాషింగ్టన్ గోడ మీదా లేవు.

మన పాత్ర కూడా ఉంది ఇందులో. 2005లో నాటి పత్రాలు, టేపులు బయటపడినపుడు, ఇందిరాగాంధిని, భారతీయులను నిక్సన్, కిసింజర్ చాటుమాటుగా ఆడిన నీచమైన మాటలకు మనవాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. కిసింజర్ విచారం తెలిపారు, సంగతి సద్దుమణిగింది. తిట్టుకు విచారం తెలిపితే సరిపోయిందా? తిట్టు తిన్న ఇందిరాగాంధికి తిరిగి పలికే శక్తి ఉంది. మార్చి 25 రాత్రి వసతి గృహంలో నిద్రలేచిన విద్యార్థికి లేదు. మనకు తగిలిన అవమానం మీద ఉన్న పట్టుదల వారికి తగిలిన తూటా మీద లేకపోవడం మన లోపం.

నేను అమెరికా ద్వేషిని కాను. ఈ కథలో నాకు నచ్చిన మనుషులు ఎక్కువమంది అమెరికావారే. బ్లడ్, కీటింగ్ సరే సరి. శరణార్థి శిబిరాలలో బురద త్రొక్కి తిరిగిన సెనేటరు ఎడ్వర్డ్ కెనడీ, 1971 జులైలో బాల్టిమోర్ రేవులో పాకిస్తాను ఓడకు చిన్న పడవలతో అడ్డుపడ్డ సామాన్యులు, ఆ ఓడకు సరుకు ఎత్తం పొమ్మన్న రేవు కూలీలు, వీరంతా అమెరికా కాదా? ఒక దేశపు పేరు దాని అధ్యక్షుడికి రాసిచ్చిన ఆస్తి కాదు. మనవారికీ ఇదే త్రాసు వాడాలి. ఇందిరాగాంధి 1971లో చేసినదంతా కేవలం కరుణతో చేసినది కాదు, దేశ ప్రయోజనం అందులో దండిగా ఉంది. ఆ విజయం ఆమె 1975 జూన్‌లో విధించిన అత్యవసర పరిస్థితిని కడిగివేయదు. బంగ్లాదేశ్ యుద్ధం తలచి జైళ్ళను మరచేవారితో కూడా నాకు ఇదే తగాదా.

1994లో నిక్సన్ అంత్యక్రియల సభలో అధ్యక్షుడు క్లింటన్ ఒక విన్నపం చేశారు. ఈయనను జీవితంలోని ఒక్క భాగం చూచి కాక మొత్తం జీవితం చూచి అంచనా కట్టే రోజు రావాలని దాని సారాంశం. ఆ విన్నపం నాకు శిరోధార్యం. మొత్తం జీవితమే చూద్దాం. 1972 ఫిబ్రవరిలో పెకింగు విమానాశ్రయంలో చౌ ఎన్ లై చేయి కలిపిన దృశ్యాన్ని చూద్దాం, ఆ ఏడాదే మాస్కోలో చేసిన క్షిపణుల ఒప్పందాన్ని చూద్దాం, వాటి ప్రక్కనే ఏప్రిల్ 6 తంతిని కూడా పెట్టి చూద్దాం. అన్నీ చూచిన తరువాత కూడా ఆయన మహానుభావుడే అని ఎవరైనా అంటే వారి అభిప్రాయాన్ని గౌరవిస్తాను. చూడకుండా అంటే మాత్రం గౌరవించలేను.

నా మిత్రులు దీనిని ఒప్పుకోరని తెలుసు. వారూ, తక్కినవారూ నిరభ్యంతరంగా ఖండిస్తూ వ్రాయవచ్చు. ఒక్కటే కోరిక. 1971 జులై 15 తరువాత, డిసెంబరు 16కు ముందు, యాహ్యాఖాన్ పట్ల మౌనం వహించడం వల్ల అమెరికా ప్రజలకు గాని, చైనా ప్రజలకు గాని, పాకిస్తాను ప్రజలకు గాని ఒనగూడిన మేలు ఒక్కటి, తేదీతో సహా చూపండి. చూపితే ఆ పద్దును కూడా చిట్టాకు ఎక్కిద్దాం.